రోకలప్ప ముందు ప్రీతి వంతు

మునీశ్వరి అంగట్లో రోజుకు తక్కువలో తక్కువ రెండొందలసార్లు ఎవరో ఒకరు చచ్చేవాళ్లు. ఆదివారమైతే ఆ లెక్క మూడొందలు దాటేది. పైగా చచ్చినవాడు ఆ సంగతి తన నోటితో తానే, గదిలో అందరికీ వినబడేలా చెప్పుకోవాలి. అది అంగడి నియమం.

కంగారు పడాల్సిందేమీ లేదు. అది వీడియోగేమ్ అంగడి. మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు వెనక సందులో, కాంతమ్మగారి ఇంటి ముందుగదిలో, రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్లు పెట్టుకుని మునీశ్వరి దాన్ని నడుపుతుండేది. ఇది 2006 నాటి మాట. గంటల లెక్కన ఆడిస్తే కూర్చున్నవాడు కుర్చీకి అతుక్కుపోతాడు, వెనక నిలబడ్డవాడు పళ్లు కొరుకుతాడు. అందుకని ఆమె వంతులు పెట్టింది. ఒక్కో వంతుకు మూడు చావులు. ఆటలో మూడోసారి చచ్చినవాడు మారుమాట్లాడకుండా రిమోటు పక్కవాడి చేతిలో పెట్టి లేవాలి. చావు చావుకూ "సచ్చినా" అని అరవాలి, లేకపోతే ఒకటి మింగేసి రెండే అంటాడు. మగపిల్లలు అబద్ధమాడరని మునీశ్వరికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆమె నమ్మే రకం కాదు.

ఇక ఆట సంగతి. ఆ సీడీ బెంగుళూరు నుంచి అట్ట కూడా లేకుండా వచ్చింది. అందులో రాతలన్నీ ఏవో పుల్లలు పేర్చినట్టుండేవి. ఒకడు జపాన్ భాషన్నాడు, ఒకడు చైనా అన్నాడు, తమిళం కాదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. కథ ఎవరికీ తెలియదు. ఇనప చొక్కా తొడుక్కున్న ఒక వీరుడు కత్తి పట్టుకుని కొండకింద దీపం దగ్గర నిద్ర లేస్తాడు. పైన కోట ఉంటుంది. ఆ కోటను చూడగానే పిల్లలు దానికి ఆ దగ్గర్లోని కోట ఊరి పేరే, గుర్రంకొండ అని పెట్టేశారు. కోట వాకిట్లో రెండు తాటిచెట్లంత ఎత్తు మనిషి ఇనప రోకలి భుజాన వేసుకుని నిలబడి ఉంటాడు. జపానులో ఆయనకు ఏమని నామకరణం చేశారో గానీ, మదనపల్లెలో మాత్రం రోకలప్ప.

రోకలప్పను దాటి కోటలో కాలుపెట్టినవాడు ఆ సందులో ఒక్కడూ లేడు. రోకలప్ప ఒక దెబ్బ పైనుంచి వేస్తాడు, ఒక దెబ్బ అడ్డంగా వేస్తాడు, ఆ తర్వాత అలిసిపోయినట్టు ఆగుతాడు. అదిగో చిక్కాడనుకుని ముందుకు దూకితే మూడోది పడుతుంది. వీరుడు అప్పడమైపోయి మళ్లీ కొండకింద దీపం దగ్గర లేస్తాడు. పక్కనే ఉన్న అంగళ్లు ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడాది చదివే అరుణ్ కుమార్‌కు క్లాసులో కంటే రోకలప్ప ముందే హాజరు ఎక్కువ. రెండు నెలలుగా అతను ఆ మూడో దెబ్బకే పోతున్నాడు. ప్రతిసారీ రిమోటు తిప్పి చూసి, "బటను పట్టుకుంటాండాదక్కా" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడంటారు కదా, ఇంజనీరింగ్ చదివినవాడు అదే మాట బటనని అంటాడు.

ఈ అంగడంటే మునీశ్వరికి ప్రాణం. ఆమెది కురబలకోట పక్క పల్లె. అమ్మానాన్నలు ఇంకొకరి టమోటా చేలల్లో కూలికి పోయి ఆమెను డిప్లొమా దాకా చదివించారు. మొదట పుంగనూరులో గది తీసుకుని అంగడి పెడితే, ఆరు నెలలకే ఆ ఇంటాయన గోల భరించలేనని తీయించాడు. మదనపల్లెలో రెండో గది పెడితే పరీక్షల నెల రాగానే పిల్లల తల్లులంతా కొంగు బిగించి వచ్చారు. ఇది మూడోది. వీడియోగేమ్ అంటే ముఖాన తలుపేసే ఊళ్లో, పెళ్లికాని ఆడపిల్లకు నాలుగో గది ఎవరిస్తారు? తలుపుమీద నీలిరంగుతో "మునీశ్వరి గేమ్స్" అని రాయించుకుంది. వాళ్ల వంశంలో గోడమీదికి పేరెక్కిన మొదటి మనిషి ఆమే. అంతకుముందు వాళ్ల పేర్లు ఎక్కింది ఓటర్ల జాబితాలోకే.

కాంతమ్మగారు చెడ్డ మనిషి కాదు. గోల కూడా ఓర్చుకుంది. ఆమె బెంగంతా మాట గురించే. ఆమె ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్లెవరూ పోతాను అనరాదు, పోయొస్తాను అనాలి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, కింద ఎవరేమన్నా సరే అలాగే జరుగుగాక అనేసి పోతారనీ ఆమె గట్టి నమ్మకం. అటువంటి ఇంటి ముందుగదిలో రోజుకు రెండొందల చావు కేకలు. నాలుగు నెలలు పళ్ల బిగువున ఓర్చుకుని, ఒకరోజు పొద్దున్నే మునీశ్వరిని పిలిచింది.

"మునీ, నా కూతురు పురిటికి వస్తాండాది. బేస్తవారం పొయ్యి కుప్పం నుంచి తోడుకోనొస్తా," అంది.

"మంచి మాట చెప్పినావు మా."

"నువ్వు గూడా మంచి మాటే చెప్పించు మీ అంగట్లో. తొలిసూలు బిడ్డ, గోడకవతల పొద్దస్తమానం సచ్చినా సచ్చినా అని ఇనుకుంటా పడుకోవాల్నా అది?"

"అది ఆటలో మా. నిజింగా ఎవురూ..."

"తథాస్తు దేవతలకు మీ టీవీ కనపడతాదా? వాళ్లకు మాట ఇనపడతాది, అంతే. ఇంగొకతూరి ఆ మాట నా చెవిన పడితే గది ఖాళీ చేసెయ్యి."

ఈ తర్కానికి జవాబు చెప్పగలిగిన డిప్లొమా ఇంకా పుట్టలేదు. మునీశ్వరి ఆ సాయంత్రం ఆట ఆపించి అందరినీ కూర్చోబెట్టింది. చావును ఏమనాలి అన్నది చర్చ. "ఔట్" అనుకుందామన్నారు ముందు. మర్నాడే ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. ఔటంటే క్రికెట్లో లేచి పోవాలి కదా, మొదటి ఔటుకే రిమోటు ఇచ్చెయ్యమని ఒకడు, ఇంకా రెండున్నాయని ఒకడు. "లైఫ్ పోయింది" అని ఒక పూట నడిపారు. కాంతమ్మగారు కిటికీలోంచే, "లైఫంటే ఏందో నాకూ తెల్సులే" అని తలుపేసుకుంది. మూడోరోజు "పడిపోయినా" అని మొదలుపెట్టారు. తేజ అనే కుర్రాడు గట్టిగా "పడిపోయినా" అన్నాడో లేదో, కాంతమ్మగారు గుప్పెడు పసుపుతో పరుగెత్తుకొచ్చింది.

"ఎవురప్పా పడింది? యాడ తగిలింది?"

తేజ కుర్చీలో నిక్షేపంగా కూర్చుని టీవీవైపు వేలు చూపించాడు. కాంతమ్మగారు మొట్టమొదటిసారి, గుమ్మంలో నిలబడే, ఆ ఆటను చూసింది. రోకలికింద చితికిన వీరుడు మాయమై, దీపం దగ్గర ఒళ్లు దులుపుకుని లేచాడు.

"ఈడు మల్ల లేసినాడే," అంది.

"లేస్తాడు మా. ఎన్నితూర్లు పోయినా మల్ల ఈడికే వస్తాడు," అంది మునీశ్వరి.

"ఈ బాగ్యానికి సావెందుకు, పడేదెందుకు? పొయ్యి వచ్చేవోడు పోయొస్తా అనల్ల. అంతకన్నా మంచి మాట యాడుంది?"

అంతే, సమస్య తీరిపోయింది. ఆ రోజు నుంచి చచ్చిన ప్రతివాడూ "పోయొస్తా" అన్నాడు. మూడుసార్లు పోయొస్తానన్నవాడు రిమోటు ఇచ్చి లేచాడు. గోడ అవతల నుంచి వింటే ఇంటినిండా చుట్టాలు దిగి మర్యాదగా సెలవు తీసుకుంటున్నట్టుండేది. కాంతమ్మగారు వంటింట్లో పప్పు ఎనుపుతూ, మధ్యాహ్నం కునుకు తీస్తూ, అలవాటుగా "పోయిరాండప్పా, పోయిరాండి" అని జవాబు కూడా చెప్పేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆమె సందంతా చెప్పుకుంది, ఆ మాట నేర్పింది తానేనని కూడా మరిచిపోకుండా చెప్పుకుంది.

కానీ మాట మసిగుడ్డ లాంటిది. ఎంత తెల్లటిదైనా దేన్ని తుడిస్తే ఆ మరకే అంటుతుంది. నెల తిరక్కుండానే ఆ సందులో పోయొస్తా అంటే అర్థం మారిపోయింది. అరుణ్ కుమార్ "మ్యాథ్స్‌లో పోయొస్తినప్పా" అంటే తప్పాడని. తేజ "మా నాయన బండి పోయొచ్చింది" అంటే ఇంజను పట్టేసిందని. మార్కెట్లో టమోటా ధర పడిపోయిన రోజు లారీలవాళ్లు కూడా అదే అన్నారు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం అంగడి పిల్లలెవరూ ఆ మాట అనడం మానేశారు. ఊరికే చెయ్యి ఊపి పోయేవాళ్లు. ఇదంతా గమనించినవాళ్లు లేరు. మునీశ్వరి కూడా గమనించలేదు, గది నిలబడిందన్న సంతోషంలో ఉంది ఆమె.

ఈ నెలలోనే, అన్న బేస్తవారానికే, కాంతమ్మగారి కూతురు ప్రీతి వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, భర్త వినోద్‌కు కుప్పంలో సెల్‌ఫోన్ల అంగడి. పుట్టింట్లో ఆమెకు మూడే పనులు పెట్టారు, తినడం, పడుకోవడం, వసారాలో పది అడుగులు నడవడం. నాలుగోరోజుకు ఆ మూడింటిమీదా విరక్తి పుట్టింది. మధ్యాహ్నంపూట కాలేజీ పిల్లలు ఉండరు, అంగడి ఖాళీగా ఉంటుంది. "టీవీ సూసొస్తా మా" అని తల్లికి చెప్పి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. అది అబద్ధం కాదు, టీవీ అయితే చూసింది. మొదటిరోజు చూసింది. రెండోరోజు రిమోటు అడిగి, దాన్ని పొట్టమీద ఆనించుకుని, వరసగా పదకొండుసార్లు పోయింది.

"నువ్వు మా ఇంటామె కూతురువని లెక్క ఎక్కువ ఇయ్యను పాపా. మూడుకొకతూరి రిమోటు నా చేతికి రావల్ల," అంది మునీశ్వరి నవ్వుతూ.

"ఈడ నువ్వూ నేనూ తప్ప ఎవురుండారక్కా?"

"ఎవురూ లేకపోతే నేనుండా కదా. వంతు వంతే."

అలా ఇద్దరూ మూడేసి చావులకు రిమోటు మార్చుకుంటూ మధ్యాహ్నాలు గడిపారు. స్నేహం బాగా కుదిరింది. మగపిల్లలు రోకలప్పమీదికి దూకినట్టు ప్రీతి దూకలేదు, తొమ్మిదో నెలలో ఉన్న మనిషికి ఏ పనిలోనూ దూకుడు ఉండదు. ఊరికే దూరంగా నిలబడి ఆయన్ని చూసింది. చూడగా చూడగా ఒక సంగతి తెలిసింది. మనం దగ్గరికి పోతేనే ఆ మూడో దెబ్బ వేస్తాడు. పోకుండా ఓపిక పడితే, ఎత్తిన రోకలి ఎత్తినట్టే పట్టుకుని చూసి చూసి, చివరికి దాన్ని కింద ఆనించి ఊపిరి తీసుకుంటాడు. అప్పుడు పోవాలి.

"పొయ్యి రెండే దెబ్బలు కొట్టల్లక్కా. కొట్టి ఎనక్కి వచ్చెయ్యల్ల. మూడోదానికి ఆశపడినామా, పోయొస్తాం," అంది ప్రీతి.

రెండు నెలలుగా ఒక కాలేజీ మొత్తానికి తట్టని సంగతి అది. ఈ వార్త ఎలా పాకిందో గానీ, కాలేజీకి సెలవొచ్చిన ఒక శుక్రవారం పొద్దున ప్రీతి ఆట చూడ్డానికి అరుణ్ కుమార్ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. కాంతమ్మగారు పెరట్లో సున్నిపిండి విసురుతోంది. ప్రీతి కుర్చీలో దిండు వేసుకుని కూర్చుంది. మొదటి ప్రాణం మెట్లమీదే పోయింది. రెండోది రోకలప్ప సగంలో ఉండగా పోయింది. మూడోసారి ఆమె రెండు కొట్టింది, వెనక్కి వచ్చింది, ఆగింది. మళ్లీ రెండు కొట్టింది. రోకలప్ప ప్రాణం చూపించే ఎర్రగీత మూరెడు నుంచి జానెడయింది, జానెడు నుంచి గోరంతయింది.

ఇంకొక్క దెబ్బ. రోకలప్ప రోకలి కింద ఆనించాడు. ప్రీతి వేలు బటన్‌మీదికి పోయి ఆగింది. ఆమె ముఖం ముడుచుకుపోయింది. పెదవి కొరుక్కుని, ఆటను ఉన్నచోటే నిలిపి ఉంచే బటను నొక్కి, రిమోటు మెల్లగా బల్లమీద పెట్టింది.

"మునక్కా, అమ్మను పిలువు. నొప్పులు వస్తాండాయి."

తర్వాత ఐదు నిమిషాలు ఆ సందు సందులా లేదు. అరుణ్ కుమార్ బస్టాండుకు పరుగెత్తి ఆటోను దాదాపు లాక్కొచ్చాడు. కాంతమ్మగారు పిండిచేతులతోనే సంచీ సర్దింది. సెల్‌ఫోను మాత్రం చార్జింగులో వదిలేసింది. మునీశ్వరి ప్రీతిని నడిపించి ఆటో ఎక్కించింది. ప్రీతి కమ్మీ పట్టుకుని, నొప్పి కాస్త సడలిన క్షణంలో చుట్టూ ఉన్నవాళ్లను చూసి, మంచి ఇంట్లో పెరిగిన పిల్ల అనాల్సిన మాటే అంది.

"పోయొస్తా."

పదిమందీ బిగుసుకుపోయారు. మామూలుగా అయితే పోయిరామ్మా అని నలుగురూ అంటారు, బండి కదులుతుంది. ఎవరికీ నోరు రాలేదు. నెలన్నరగా రోజుకు రెండొందలసార్లు రోకలికింద పడ్డవాడు అన్న మాట, పురిటికి పోతున్న పిల్ల నోట వచ్చింది. అరుణ్ కుమార్ నేల చూపులు చూశాడు. ప్రీతికే తానేమన్నదో తెలియలేదు.

కాంతమ్మగారు ఒక్కొక్కరి ముఖమే చూసింది. చూస్తున్నకొద్దీ ఆమెకూ తెలిసింది. పోయిరా అందామని నోరు తెరిచింది, ఆ మాట బయటికి రాలేదు. భయమంతా కోపమై మునీశ్వరిమీదికి తిరిగింది.

"బంగారట్లాంటి మాట ఇస్తే దాన్ని సావు మాట చేసి పెట్టినారే. నా బిడ్డను ఏమని పంపేది నేనిప్పుడు? నేనొచ్చేలోపల గది ఖాళీ చేసెయ్యి మునీ. ఇంగ నీ ముకం సూడను."

ఆటో కదిలింది. ప్రీతికి ఎవరూ జవాబు చెప్పలేదు. అలా జవాబు లేకుండా పంపడం మునీశ్వరికి మనసొప్పలేదు, గది పోతే పోనీ అనిపించింది. ఆటో వెంట నాలుగడుగులు పరుగెత్తి కమ్మీ పట్టుకుంది. ఏమనాలో తెలియక నోటికి వచ్చింది అనేసింది.

"ప్రీతీ, నీ వంతు అయిపోలేదు. రెండే అయినాయి, ఇంగొకటి ఉండాది. వచ్చి ఆడు."

ప్రీతి నొప్పిలోనే ఫక్కున నవ్వింది. ఆటో మలుపు తిరిగింది.

మునీశ్వరి లోపలికి వచ్చి అట్టపెట్టెలు దించింది. రెండో టీవీ వైర్లు పీకి చుట్టింది, సీడీలు కట్టకట్టింది. ఏడుపు వస్తూనే ఉంది, చేతులు పని చేస్తూనే ఉన్నాయి. మూడు గదులు మారి వచ్చి, ఒక మాట దగ్గర అంగడి పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటారా అనుకుంది. మొదటి టీవీని మాత్రం ముట్టుకోలేదు. దానిమీద రోకలప్ప రోకలి కింద ఆనించి, గోరంత ప్రాణంతో, కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఇది కడదామా అక్కా?" అని తేజ అడిగాడు.

"వద్దు. వంతు ప్రీతిది."

"ఎట్లాగూ ఖాళీ చేస్తాండాము కదా."

"ఖాళీ చేసేదాకా అంగడే కదరా ఇది. వంతు మధ్యలో పీకేసేదేంది?"

అప్పుడు అరుణ్ కుమార్ గడియారం చూసి లేచాడు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా కరెంటు కోత. ఇంకో పావుగంటలో టీవీ ఆరిపోతుంది, రోకలప్పా పోతాడు. ప్రీతి ఆస్పత్రిలో ఉండగా ఆమె వంతు ఆరిపోవడం అన్న ఊహ ఎవరికీ నచ్చలేదు. తథాస్తు దేవతల్ని నమ్మని ఇంజనీరింగ్ విద్యార్థికి అసలే నచ్చలేదు. నలుగురు కలిసి సందు చివర మైకుసెట్టు అంకయ్య దగ్గరికి పరుగెత్తారు.

"ఇన్వర్టరా? ఎవురి పెండ్లప్పా?" అన్నాడు అంకయ్య.

"పెండ్లి కాదన్నా. మా గేమ్ పాజ్‌లో ఉండాది."

"అంటే?"

"ఒగాయన నిలబడుకోని ఉండాడు. ఆయన పోగూడదు."

అంకయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నలుగురు చదువుకున్న పిల్లలు ఏడుపు ముఖాలతో అడుగుతుంటే లేదనలేక, లారీ బ్యాటరీలు రెండు తోపుడుబండిమీద తోయించుకుని వచ్చాడు. పెళ్లిపందిళ్లలో మెయిను ఆపకుండా లైను కలపడం ఆయనకు అలవాటే. రబ్బరుచెప్పులు తొడుక్కుని కలిపేశాడు. పదకొండయింది. ఫ్యాన్ ఆగింది. టీవీ ఒక్కసారి నల్లబడింది. ప్లేస్టేషన్‌మీది పచ్చదీపం వెలుగుతూనే ఉంది. రెండు క్షణాలకు రోకలప్ప ఎక్కడివాడు అక్కడే తేలాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆటో వచ్చింది. కాంతమ్మగారు ఒక్కతే దిగింది. ఆమె ముఖంలో ఏమీ చదవడానికి వీల్లేదు. వసారాలో కూర్చున్న పిల్లలు లేచి నిలబడ్డారు. అంగడి పెట్టిన నాటి నుంచి గుమ్మం దాటి లోపలికి రాని మనిషి చెప్పులతోనే లోపలికి వచ్చింది. కట్టిపెట్టిన అట్టపెట్టెలు చూసింది, వెలుగుతున్న టీవీ చూసింది.

"ప్రీతి చెప్పిన రోకలాయన ఈడేనా, ఇంగా ఆడనే ఉండాడా?" అంది.

"ఆడనే ఉండాడు మా. ఎవురూ ముట్టుకోలేదు," అంది మునీశ్వరి.

"కరెంటు పోయింటాది కదా."

"అంకయ్యన్న ఇన్వర్టరు తగిలించినాడు."

కాంతమ్మగారు ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆడబిడ్డ. ఇద్దురూ బాగుండారు. వినోద్ గూడా వచ్చినాడు."

కేక వెయ్యాలని అందరికీ ఉంది, వెయ్యొచ్చో లేదో తెలియక మింగుకున్నారు. మునీశ్వరి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"లోపలికి తీసుకోనిపోతాంటే మల్ల అదే మాట అన్నింది మునీ," అంది కాంతమ్మగారు. "పోయొస్తా మా అని. చిన్నప్పట్నుంచి నేను నేర్పించిందే కదా, ఇంగేమంటాది. పొద్దన ఆటో కాడ మాదిరే మల్ల నా నోరు పడిపోయింది. పోయిరా అనేదానికి నాలిక తిరగలే. ఆడ తలుపు మూసేస్తాండారు. యాడ్నించి వచ్చిందో ఏమో, నీ మాట వచ్చింది నోటికి. నీ వంతు అయిపోలేదే, వచ్చి ఆడు, అని అరిచినా ఆస్పత్రంతా ఇనబడేట్టు. నర్సమ్మ నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూసింది. అది మాత్రం నవ్వుకుంటా పోయింది."

మునీశ్వరి ఏడ్చేసింది. సంతోషంతోనే ఏడ్చింది, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"ఏడ్సింది సాల్లే. దీన్ని ఆపితే ఏమైతాది?" అంది కాంతమ్మగారు టీవీ చూపించి.

"రోకలప్ప మల్ల నిండు ప్రాణంతో లేస్తాడు మా. ప్రీతి దీపం కాడ్నించి రావల్ల. వంతు మాత్రం దానిదే, యాడికీ పోదు."

"అయితే ఆపెయ్యి, టీవీ కాలిపోతాది. వంతు మాత్రం ఎవురికీ ఇయ్యొద్దు."

"ఇయ్యను మా. పాపకు పేరు పెట్టినంక వచ్చి ఒకతూరి ఆడేస్తాదిలే."

"ఆడనియ్యొద్దు."

మునీశ్వరికి అర్థం కాలేదు. "యాల మా, ఎందుకు?" అంది.

కాంతమ్మగారు చెంగు కొస వేలికి చుట్టుకుని విప్పింది. ఈసారి మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"మూడో నెల్లో అది బిడ్డను ఎత్తుకోని కుప్పం పోతాది కదా. పెండ్లయి రెండేండ్లాయె, వచ్చింది రెండుతూర్లు. అప్పుడు మల్ల ఈడనే ఆటో ఎక్కి పోయొస్తా మా అంటాది. వంతు అయిపోయింటే నేనేం చెప్పి పంపల్ల?"

మునీశ్వరి పెట్టెలవైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అయితే మా, గది..."

"గది ఖాళీ చేసి నా బిడ్డ వంతును యాడ పెడతావు, నీ నెత్తినా?" అంది కాంతమ్మగారు లేస్తూ. "ఆస్పత్రికి వేన్నీళ్లు కాంచి తీసుకోనిపోవల్ల, బిన్నా రా, తొందరగా."

మునీశ్వరి టీవీ ఆపి ఆమె వెనకాలే వంటింట్లోకి పోయింది. తేజ అట్టపెట్టె విప్పి వైర్లు ఒక్కొక్కటే బయటికి తీశాడు.